శిలువ గుర్తు వేసిన కమాన్ కట్ట

తెనాలిలో రేపల్లె రోడ్డు పక్కన అంద్రెయ షెడ్డు ఉండేది. ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, బోల్టులతో బిగించి, బండి కింద వేసే కమాన్ కట్టలు అతను కట్టేవాడు. లారీలకీ, వ్యాన్లకీ, జీపులకీ అవి విరిగినా, వంగినా, కుంగినా అతని దగ్గరికే రావాలి. ఆ పనిలో అతన్ని మించినవాడు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళలోనూ లేడు. ఈ మాట ఎవరో అన్నారని చెప్పటం లేదు. అతనే అనేవాడు, రోజుకి నాలుగుసార్లు. వినేవాళ్ళకి ఒళ్ళు మండేది గాని కాదనటానికి నోరు వచ్చేది కాదు.

అంద్రెయకి మనుషుల్లో చాలామందంటే చులకన. ఇంజను మెకానిక్కులకి బండి మోత తప్ప నడక తెలియదని చులకన. డ్రైవర్లు బండిని నడపరు, దాని మీద కూర్చుని ఊరేగుతారని చులకన. బ్రేకు ఇనస్పెక్టరు ప్యాంటు మడత నలుగుతుందని బండి కిందికి వంగి చూడడు కాబట్టి అతనంటే మరీ చులకన. ఇక ఓనర్ల సంగతి చెప్పక్కర్లేదు. రంగు వేయించటానికి నెల రోజులు తిరుగుతారు, బోల్టు బిగించుకోమంటే తీరిక లేదంటారు. "బండికి మొహం కడిగి బొట్టు పెడతారు, కాలు విరిగితే చూడరు ఎదవలు!" అనేవాడు అంద్రెయ, ఓనరు ఎదురుగా నిలబడి ఉండగానే.

ఇంత నోరున్నవాడు బతికి బట్టకట్టాడంటే అది చేతిలో పని చలవే. కొల్లిపర పొలాల్లో కూలికెళ్ళే తండ్రి అతన్ని మిషను బడిలో వేశాడు. మూడో తరగతిలో పంతులు పలక పగలగొట్టాడని అలిగి, బడి మానేసి, కొలిమి దగ్గర చేరాడు. అక్కడ బండి చక్రాలకి పట్టాలు వేసే ముసలి కమ్మరి, రోడ్డు దుమ్ములో చక్రం వదిలిన జాడ చూసి బండి జబ్బు చెప్పటం నేర్పాడు. చదువు మాత్రం రాలేదు. సంతకం ఒక్కటే వచ్చు, అదీ నాలిక బయటపెట్టి చేసేవాడు.

రాసే పనంతా పెళ్ళాం రాహేలుది. ఆమె లూథరన్ మిషను బడిలో టీచరు. ముత్యాల్లాంటి దస్తూరి. ఆ దస్తూరితో ఆమె చేత అంద్రెయ చేయించిన పని తలుచుకుంటే, పాపం, ఆమెకి ఆదివారం గుళ్ళో తలెత్తబుద్ధయ్యేది కాదు.

షెడ్డు వెనక గోడ నిండా మేకులుండేవి. తన దగ్గరికొచ్చిన బండ్లలో ఇతర మేస్త్రీలు చేసిన చెత్త పని ఏది కనపడినా అంద్రెయ దాన్ని ఊడబీకి ఆ గోడకి తీగతో వేలాడదీసేవాడు. వెల్డింగు పెట్టిన పట్టీ, మర అరిగిన బోల్టు, కట్ట కొసని బండికి తగిలించే చోట తోలు ముక్క కుక్కిన షాకిలు, అన్నీ ఉండేవి. ప్రతిదాని కిందా ఒక రేకు ముక్క, దాని మీద తెల్ల రంగుతో ఆ పని చేసినవాడి పేరు, ఊరు. రాహేలు బడి నుంచి రాగానే కుంచె చేతికిచ్చేవాడు.

"పెద్దాయనండి. పేరు పక్కన గారు అన్నా పెట్టనివ్వండి," అనేది రాహేలు.

"గారేంటి! వెల్డింగు పెట్టిన పట్టీకి గారేంటి! ఊరికే పేరు రాయి."

ఆమె రాసేది. లారీలవాళ్ళు టీ తాగుతూ ఆ గోడ చదువుకుని నవ్వుకునేవాళ్ళు. గోడెక్కిన మేస్త్రీకి ఆ నెల పని తగ్గేది. అందుకే అంద్రెయ అంటే వాడరేవు దాకా మెకానిక్కులందరికీ హడలు.

అతని పనికి ఒక గుర్తుండేది. కట్ట బిగించాక మధ్య పలక మీద ఉలితో చిన్న శిలువ కొట్టేవాడు. కొట్టి, అక్కడున్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పేవాడు. "ఈ గుర్తు మీద నేను తప్ప ఎవడన్నా రెంచి పెట్టాడా, వాడి పేరు గోడెక్కుద్ది." ఇది ఒక కట్టడి. ఇంకో కట్టడి ఏమిటంటే, కొత్త కట్ట మీద లోడు ఎక్కిన మూడో నాడు బండి మళ్ళీ షెడ్డుకి రావాలి. బరువుకి పట్టీలు సర్దుకుని బోల్టులు వదులవుతాయి, వాటిని మళ్ళీ బిగించాలి. రానివాళ్ళని మళ్ళీ గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.

రేపల్లెలో పున్నారావు అని చేపల వ్యాపారి ఉండేవాడు. అతనికి ఒక డీజిలు పికప్పు బండి. ముందు ఇద్దరు కూర్చోటానికి చోటు, వెనక చేపల పెట్టెలకి తొట్టి. మొదట్లో అది బుద్ధిగా ఉండే బండే. తొంభైలో దాని వెనక కట్టలు అంద్రెయే కొత్తగా కట్టాడు. ఆ తర్వాత రొయ్యల చెరువులు వచ్చాయి, పున్నారావు కళ్ళు నెత్తికెక్కాయి. వరి పండే పొలాలన్నీ ఉప్పునీళ్ళ గుంటలయ్యాయి. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాడు కూడా చేతికి రెండు ఉంగరాలు పెట్టుకుని కిలోకి ఎన్ని తూగుతాయో ఆ రొయ్య కౌంటు గురించి ఉపన్యాసాలు ఇచ్చే రోజులవి. పొద్దున చెరువు మీద పట్టిన రొయ్య, బాపట్లలో కంపెనీ లారీ కదిలేలోపు అందాలి. బండి స్పీడు చాలటం లేదన్నాడు పున్నారావు. ఎక్కడో తుక్కు కింద విడగొట్టిన లారీలోంచి ఆరు సిలిండర్ల ఇంజను తెచ్చి ఈ పికప్పులో పెట్టించాడు. అది పట్టలేదు. బానెట్టు కోయించాడు. డీజిలు పంపు స్క్రూ తిప్పించి మరింత డీజిలు పోయించాడు. పొగ్గొట్టం నిలువుగా పైకి లేపించాడు. అబ్బో, ఆ మోతకి రేపల్లెలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. బండి ముందు అద్దం మీద 'రాజు వెడలె' అని ఎర్ర అక్షరాలు రాయించాడు.

కొత్త ఇంజను చూపించటానికి పనిగట్టుకుని తెనాలి వచ్చాడు పున్నారావు. అంద్రెయ చుట్టూ తిరిగి చూసి, "గాడిదకి ఏనుగు గుండె కుట్టారు. బాగుంది పున్నారావుగారూ. కాళ్ళు మాత్రం గాడిదవే," అన్నాడు. పున్నారావు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి మొదలైంది జబ్బు. ఎక్సలేటరు గట్టిగా తొక్కితే బండి ఎడమకి లాగుతుంది. కాలు తీస్తే కుడికి విసురుతుంది. మెల్లగా పోతే మాత్రం పెళ్ళికూతురిలా నడుస్తుంది. రేపల్లె మేస్త్రి స్టీరింగు పెట్టె మార్చాడు. బాపట్ల మేస్త్రి, అది కాదు ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్నులన్నాడు, అవీ మార్చాడు. చీరాలలో టైర్లు మార్చారు. ఒకడు షాకబ్జర్లన్నాడు, ఒకడు బ్రేకు పట్టేస్తోందన్నాడు. ఎవరూ ముందు చక్రాలు దాటి వెనక చెయ్యి పెట్టలేదు. చేతిలో స్టీరింగు లాగుతోంది కాబట్టి జబ్బు స్టీరింగులోనే ఉందని అందరి తెలివీ అక్కడే ఆగిపోయింది. చివరికి పున్నారావు బంపరుకి నిమ్మకాయల దండ కట్టించాడు. అన్ని వైద్యాల్లోకీ బండికి హాని చేయనిది ఆ దండ ఒక్కటే.

తొంభైమూడు మార్చిలో, పొద్దున ఎనిమిదింటికి, కర్లపాలెం దగ్గర ఆ బండి కాలవలో పడింది. ముందు పోతున్న ట్రాక్టరుని దాటబోతూ డ్రైవరు కోటిలింగం ఎక్సలేటరు తొక్కాడు. బండి ఎడమకి లాగింది, అతను స్టీరింగు కుడికి పట్టాడు. ఎదురుగా బస్సు కనపడి కాలు తీశాడు. అంతే, బండి కుడికి విసిరి, బస్సు మూతి ముందు నుంచి రోడ్డు దాటి, అవతల కాలవలోకి దిగింది. సైకిలు మీద వస్తున్న పోస్టుమాను చేలోకి దూకి బతికాడు. కోటిలింగం నుదురు చిట్లింది. రొయ్యల పెట్టెలు కాలవలో తేలుతుంటే చుట్టుపక్కలవాళ్ళు బిందెలతో వచ్చి సాయం చేసి, బిందెలు నింపుకుని వెళ్ళారు.

పున్నారావు వచ్చాడు. బండి చూశాడు, రొయ్యలు చూశాడు. నెత్తురు కారుతున్న మనిషిని చివర చూశాడు. "తాగి నడిపాడు," అని తేల్చేశాడు.

కోటిలింగం తాగడు. వాడరేవు చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్లాడు. వాళ్ళ నాయన, తాత అందరూ సముద్రం మీద బతికినవాళ్ళే. ఇతనికి మాత్రం పడవెక్కితే చాలు, కడుపులో తిప్పి వాంతులే. వాడరేవులో ఇంతకన్నా నవ్వులాట ఇంకోటి లేదు. ఆ నవ్వులు పడలేక ఇరవయ్యేళ్ళకే స్టీరింగు పట్టుకున్నాడు. పదేళ్ళుగా పున్నారావు దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు 'తాగి కాలవలో పెట్టాడు' అన్న పేరు అంటుకుంటే తీరమంతా ఏ ఓనరూ అతనికి తాళం ఇవ్వడు. పడవెక్కలేడు. ఇంకో పని రాదు. ఇంట్లో పెళ్ళాం అంజమ్మ, ఇద్దరు పిల్లలు.

"బండిలోనే తప్పుందని ఆదివారం లోపల చూపించు. లేకపోతే తాళం ఇచ్చి పో," అన్నాడు పున్నారావు. అంతటి దయామయుడు.

కోటిలింగం నుదుటి కట్టుతో, కాలవలోంచి లాగించిన బండి తీసుకుని తెనాలి వచ్చాడు.

"బాబాయ్, మీరే చూడాలండి," అన్నాడు.

"చూసేదేముందిరా. ఇంజను. ఆ దరిద్రాన్ని తీసి పారేయమను మీ ఓనరుని."

"చెప్పానండి. 'వాన పడినా ఇంజనే కారణం అంటాడు అంద్రెయ, ఆ మాట నా దగ్గరికి తేబాకు' అన్నారండి." కోటిలింగం గొంతు తగ్గించాడు. "నేను తాగలేదు బాబాయ్."

"తెలుసులేరా," అని విసుక్కున్నాడు అంద్రెయ. అతనికి డ్రైవర్లంతా ఒకటే, కాని వీడు తన షెడ్డులో ఎప్పుడూ టీ తప్ప ఇంకోటి అడగలేదు. గోనె పరుచుకుని బండి కిందికి దూరాడు.

గంటసేపు ముందు భాగమంతా గాలించాడు. స్టీరింగులో ఆట లేదు. పిన్నులు కొత్తవి. టైర్లు కొత్తవి. మూడూళ్ళ మేస్త్రీలూ తెలివితక్కువవాళ్ళే గాని, మార్చినవి మాత్రం సరిగ్గానే మార్చారు. అది అంద్రెయకి ఇంకా చిరాకు పుట్టించింది. వెనక్కి జరిగాడు. తొట్టి కింద ఎడం పక్క అంతా ఉప్పునీటి చిలుం. పెట్టెల్లో ఐసు కరిగిన నీళ్ళు రోడ్డు పక్కకి పోవాలని తొట్టిని ఎడమకి వాల్చి బిగిస్తారు మరి, ఆ నీళ్ళన్నీ అటే కారతాయి. చిలుం మధ్యలో తన శిలువ గుర్తు కనపడింది. "దీన్ని చూడక్కర్లేదు, ఇది నాది," అనుకుని బయటికొచ్చాడు.

బయటికొచ్చాడు గాని చెప్పటానికి ఏమీ లేదు. కోటిలింగం అతని మొహమే చూస్తున్నాడు. ముప్పయ్యేళ్ళ పనిలో అంద్రెయ ఎప్పుడూ 'తెలియదు' అన్న మాట అనలేదు. ఇప్పుడూ అనలేదు. కొలిమి దగ్గర ముసలి కమ్మరి గుర్తొచ్చాడు. తారు రోడ్లు వచ్చాక చక్రం జాడ చూసేవాడే లేకుండా పోయాడు.

"ఒరే, మీ సముద్రం ఎప్పుడు వెనక్కి పోద్ది?"

కోటిలింగం వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. "రేపు పొద్దున తొమ్మిదింటికి బాగా ఆటు పడుద్దండి. సూర్యలంకలో ఇసక గట్టిగా ఉంటది. ఏం బాబాయ్?"

"సముద్రం పడనోడికి ఇదన్నా తెలిసింది, సంతోషం. పద."

మర్నాడు ఇద్దరూ బాపట్ల మీదుగా సూర్యలంక చేరారు. నీళ్ళు తీసిన చోట ఇసక నున్నగా, తడిగా, చాప పరిచినట్టుంది. తొట్టి నిండా ఇసక బస్తాలు వేయించాడు అంద్రెయ. "ముందు మెల్లగా పో. నేను చెయ్యెత్తగానే నీ రాజుగారి ఇంజను ఎంత మొత్తుకుంటే అంత తొక్కు. దించగానే కాలు తియ్యి," అన్నాడు.

బండి మెల్లగా పోయింది. ముందు చక్రం జాడ మీదే వెనక చక్రం జాడ పడింది. అంద్రెయ చెయ్యెత్తాడు. నల్లగా పొగ కక్కుతూ బండి ఉరికింది. వెనక నిలబడి చూస్తున్న అంద్రెయకి, కుక్క ఒక పక్కకి వాలి పరుగెత్తినట్టు, బండి ఒళ్ళంతా ఓరగా కనపడింది. చెయ్యి దించాడు. బండి ఒక్క విసురు విసిరి మళ్ళీ తిన్నగా అయింది.

జాడల దగ్గరికి నడిచి వెళ్ళాడు. మెల్లగా పోయిన చోట రెండు గీతలు. తొక్కిన చోటి నుంచి నాలుగు గీతలు. వెనక చక్రాల జాడ ముందువాటిని వదిలి నాలుగు వేళ్ళు కుడికి జరిగింది. కాలు తీసిన చోట మళ్ళీ రెండు గీతలై కలిసిపోయాయి. చదువు రాని అంద్రెయ దాన్ని ఒక్కసారే చదివాడు. వెనక ఇరుసు కదులుతోంది. ఇంజను తోసినప్పుడు ఎడం కొస ముందుకి జరిగి, తొయ్యటం ఆపగానే వెనక్కి వస్తోంది. ఇరుసుని కదలకుండా పట్టుకోవలసింది ఎడం కమాన్ కట్ట. ఆ కట్ట ఎవరిదో అతనికి బాగా తెలుసు.

బండి కిందికి దూరి, కట్టని ఇరుసుకి బిగించి పట్టే ఎడం యూ బోల్టు మీద సుత్తితో కొట్టాడు. చిలుం పెచ్చు ఊడి మొహం మీద పడింది. నట్టుకి రెంచి అక్కర్లేకపోయింది, వేళ్ళతోనే తిరిగింది. కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు రెండు ముక్కలైంది. ఇరుసు కూర్చునే చోట, చిలుం మధ్యలో వేలెడు మేర ఇనుము వెండిలా మెరుస్తోంది. అంత దూరం రాసుకుంటోందన్నమాట, ఎన్నాళ్ళ నుంచో. దాని పక్కనే శిలువ గుర్తు.

అంద్రెయ ఆ గుర్తు మీది చిలుం బొటనవేలితో రుద్దాడు.

"ఏంటి బాబాయ్?" అని కోటిలింగం వంగాడు. వంగి చూశాడు. అతనికీ అర్థమైంది. "యూ బోల్టులు వదులైనయ్యా?"

"ఎందుకు వదులైనాయి? మూడో నాడు బండి తెచ్చావా నువ్వు? తేలేదు! మీ డ్రైవర్ల బుద్ధే అంత!" అంద్రెయ గొంతు బండి కింద ఖంగుమంది.

కోటిలింగం నసిగాడు. "తెచ్చానండి."

"ఎప్పుడు తెచ్చావురా?"

"మీరు గురువారం బిగించారండి, గుడ్‌ఫ్రైడేకి ముందు. శుక్రవారం లోడెక్కింది. మూడో నాడు ఆదివారం తెల్లారి వచ్చానండి. షెడ్డు మూసుంది. మీరంతా సమాధుల దగ్గరున్నారని చెబితే అక్కడికొచ్చాను."

అప్పుడు గుర్తొచ్చింది అంద్రెయకి. ఈస్టరు తెల్లవారు జాము దాటి, ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. సమాధుల తోటంతా కొవ్వొత్తులు, బంతిపూలు. కొత్త తెల్లచొక్కా వేసుకుని తండ్రి సమాధి దగ్గర పాట పాడుతున్నాడు తను. గోడ అవతల చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని ఈ కోటిలింగం నిలబడ్డాడు. గురువారం రాత్రి ప్రార్థనకి గుడి గంట కొడుతుంటే హడావిడిగా బిగించి వెళ్ళిన కట్ట అది. అందరి ముందూ తను ఏమన్నాడో మాట మాటా గుర్తొచ్చింది. "పండగ పూట బోల్టులు గుర్తొచ్చినయ్యిరా నీకు? నేను కట్టింది కదలదు, పో!" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు తనకి బాగుంది కూడా.

"మరి ఇంకెక్కడన్నా బిగించుకోలేకపోయావా?"

"మీ గుర్తుంది గదండి. రేపల్లె మేస్త్రి కిందికి దూరి చూశాడు కూడా. శిలువ కనపడగానే 'అమ్మో, అంద్రెయ కట్ట, ముట్టుకుంటే గోడెక్కిస్తాడు' అని బయటికొచ్చేశాడండి. బాపట్లాయనా అంతే."

ఛీ అనిపించింది అంద్రెయకి. ఆ మేస్త్రీల్ని అనటానికి లేదు. నిన్న షెడ్డులో తనే, తన కళ్ళతో, ఆ గుర్తు చూసి మురిసిపోయి పక్కకి జరిగాడు. పాత చిన్న ఇంజనుతో అయితే ఆ వదులు బోల్టు ఇంకో పదేళ్ళు ఎవరికీ తెలియకుండా ఉండేదేమో. కొత్త ఇంజను తోపుడుకి సెంటర్ బోల్టు తెగింది. కాబట్టి ఇంజనే కారణమని ఇప్పుడూ అనొచ్చు. అందులో అబద్ధం కూడా లేదు. కాని ఇంజను ఇంజను అని నోరు నొప్పెట్టేలా అరిచిందీ తనే. ఇంకోసారి అంటే పున్నారావు నవ్వి, వీడి చేతిలో తాళం లాక్కుంటాడు.

కోటిలింగం పక్కన చతికిలబడ్డాడు. "బాబాయ్, బిగించేయండి. కొత్త బోల్టు బాపట్లలో దొరుకుద్ది. నేను ఎవరికీ చెప్పను."

"చెప్పవా?"

"మీ పేరు పోద్ది గదండి."

తాళం పోతుంటే, పెళ్ళాం పిల్లలు రోడ్డున పడుతుంటే, వీడు తన పేరు గురించి ఆలోచిస్తున్నాడు. అంద్రెయకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో అతనికి తెలుసు. "నా మీద జాలి పడతావంట్రా నువ్వు! పడవెక్కితే కక్కుకునేవాడివి, నువ్వు నా మీద జాలి!" అని అరిచాడు. అరిచి, కళ్ళల్లో చిలుం పడిందని మొహం తుడుచుకున్నాడు. "ఏదీ బిగించబాకు. ఎట్లా ఉందో అట్లాగే మెల్లగా రేపల్లె పోనియ్యి."

రేపల్లెలో పున్నారావు ఐసు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చుట్టూ పెట్టెలు మోసేవాళ్ళు, నలుగురు డ్రైవర్లు. ఆ నలుగుర్లో ఒకడు రేపోమాపో కోటిలింగం తాళం తనకొస్తుందని తల దువ్వుకుని వచ్చినవాడు.

"ఏం మేస్త్రీ, ఇంజనేనా?" అని పకపకా నవ్వాడు పున్నారావు.

"ముందు బండి కిందికి దూరండి."

"నేనా?"

"మీరే. ఇస్త్రీ పంచె నలిగితే నేను ఉతికిస్తాను."

ఇంతమంది చూస్తుండగా దూరకపోతే బాగుండదు. దూరాడు పున్నారావు. అంద్రెయ కూడా దూరి, ఆ ఉంగరాల చేతిని పట్టుకుని నట్టు మీద పెట్టించాడు. నట్టు తిరిగింది. తెగిన బోల్టు ముక్క ఆ చేతిలోనే ఊడి పడింది. ఇద్దరూ బయటికి వచ్చారు. పంచె నిండా చిలుం.

"ఈ బోల్టు వదులుగా ఉంటే తొక్కినప్పుడల్లా ఇరుసు జరుగుద్ది, బండి పక్కకి పోద్ది," అన్నాడు అంద్రెయ, పెట్టెలవాళ్ళకి కూడా వినపడేలా. "స్టీరింగుకి జబ్బు లేదు. మీరు మార్పించినవన్నీ దండగ. ఈ కోటిలింగం తాగలేదు. తాగినవాడైతే ఈ బండిని ఇన్నాళ్ళు రోడ్డు మీద ఉంచలేడు, మొదటి రోజే చచ్చేవాడు."

"బోల్టు ఎవడు వదిలేశాడు?"

"నేను."

 అంద్రెయ ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు. "కట్ట కట్టింది నేను. మూడో నాడు వీడు బిగించమని వస్తే తిట్టి పంపింది నేను. ఇంకెవర్నీ ముట్టుకోనియ్యకుండా శిలువ కొట్టింది నేను."

"ఇంజను కాదా?" పున్నారావుకి అదే ముఖ్యం.

అంద్రెయ ముప్పయ్యేళ్ళలో ఇంత చేదు మందు తాగలేదు. "బోల్టు తెంపింది ఇంజను. వదిలేసింది నేను."

పున్నారావు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఊళ్ళో అందర్నీ గోడకి కొట్టావు గదయ్యా! చూశార్రా, తెనాలి మొనగాడు!" పెట్టెలవాళ్ళు నవ్వారు, డ్రైవర్లు నవ్వారు. అంద్రెయ కదలకుండా నిలబడి ఆ నవ్వంతా విన్నాడు. అంత నవ్వులోనూ పున్నారావు, తాగుబోతని అన్నందుకు కోటిలింగానికి ఒక్క మాట చెప్పలేదు. ఆ పెద్దరికం అతనికి ఏ కాలంలోనూ లేదు. "రేపు పొద్దున బండి రెడీ చేయించుకో," అని మాత్రం అన్నాడు. తల దువ్వుకుని వచ్చిన డ్రైవరు మెల్లగా జారుకున్నాడు. సాయంత్రానికల్లా ఈ కబురు రేవు రేవుకీ పాకింది, కోటిలింగం తాగలేదనీ, అంద్రెయ పరువు పోయిందనీ.

తెనాలి తిరిగొచ్చి కొత్త బోల్టులు వేసి రెండు వైపులా బిగించాడు అంద్రెయ. శిలువ గుర్తుల్ని ఆకురాయితో రాసి చెరిపేశాడు. "మూడో నాడు రా. నేను చచ్చి పెట్టెలో ఉన్నా సరే, రా. లేకపోతే ఎవడి చేతన్నా బిగించుకో," అన్నాడు. కోటిలింగం అలాగేనండి అన్నాడు. బండి రోడ్డెక్కి, మోత చేసుకుంటూ, తిన్నగా పోయింది.

రాహేలు బడి నుంచి వచ్చేసరికి అంద్రెయ గోడ దగ్గర ఉన్నాడు. మేకులు ఖాళీ లేక నడి మధ్యలో కొత్తది కొట్టి, తెగిన సెంటర్ బోల్టు రెండు ముక్కల్నీ తీగతో కట్టి వేలాడదీశాడు. రేకు ముక్క, రంగు డబ్బా సిద్ధంగా ఉన్నాయి.

"ఇవాళ ఎవరండీ పాపం?" అని నిట్టూర్చి కుంచె అందుకుంది.

"రాయి," అన్నాడు అటు తిరిగి. "అంద్రెయ. తెనాలి."

రాహేలు కుంచె పైకెత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. మొగుడి వీపు వైపు, ఆ బోల్టు వైపు, గోడ మీద ఇన్నేళ్ళుగా తన చేత్తో రాసిన పేర్ల వైపు చూసింది.  రేకు ఒళ్ళో పెట్టుకుని, బడిలో పిల్లలకి పలక మీద రాసిపెట్టినంత జాగ్రత్తగా అక్షరాలు దిద్దింది. పేరు చివర ఆగింది.

"గారు పెట్టనా అండీ?"

"ఎవరికి పెట్టనిచ్చాను గనక," అన్నాడు అంద్రెయ. "ఊరికే పేరు రాయి."